పారిస్ నగరంలో పిల్లల వేసవి

ఫ్రాన్సు దేశంలో సెప్టెంబరు మొదట్లో బడులు తెరుస్తారు. తెరిచిన మొదటి వారంలో పిల్లలకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: "సెలవులకు ఎక్కడికి వెళ్ళివచ్చారు?" పిల్లలు ఒక బొమ్మ గీసి, దాని క్రింద నాలుగు మాటలు రాయాలి. 2024 సెప్టెంబరులో మా అమ్మాయి రాసిన నాలుగు మాటలే నేనీ వ్యాసం రాయడానికి కారణం.

అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. మేము పారిస్ వచ్చి ఆరు నెలలు కాలేదు. ఫ్రెంచి భాష ఇంకా కూడబలుక్కొంటున్నది. అయినా తప్పులు లేకుండా రాసింది. తాను యానాం వెళ్ళినట్లు, తాతగారితో పడవెక్కి గోదావరి దాటినట్లు, తాటిముంజలు తిన్నట్లు రాసి, పైన పడవ బొమ్మ గీసింది. పంతులమ్మగారు చాలా బాగున్నదని ఎర్ర సిరాతో మెచ్చుకొన్నారు. అందులో ఒక్క ముక్క నిజం కాదు. ఆ వేసవి రెండు నెలలు మేము ఇల్లు కదలలేదు.

"ఎందుకమ్మా, జరగనిది రాశావు?" అని అడిగాను.

"అందరూ ఎక్కడికో ఒక చోటికి వెళ్ళారమ్మా. మనం బాల్కనీలోకి వెళ్ళామని రాయనా?" అన్నది.

నాకు కోపం రాలేదు. దానిని కోప్పడే అర్హత నాకున్నట్లు తోచలేదు.

మొదటి వేసవి ఎందుకు పాడైనది?

దేశం కాని దేశం కొత్తగా వెళ్ళిన సంసారాలలో సాధారణంగా జరిగేదే మా ఇంట్లోను జరిగింది. ప్రతి పైసా స్వదేశ ప్రయాణం కోసం దాచుకొన్నాము. ఇక్కడ బడులకు వేసవి సెలవులు ఎనిమిది వారాలు. జూలై మొదట్లో మొదలై ఆగస్టు చివర ముగుస్తవి. విమానం టిక్కెట్లు ఎక్కువ ధర పలికేది ఆ రోజులలోనే. నలుగురికి రానుపోను లెక్కవేస్తే మా ఇంటి అద్దె రెండున్నర నెలలది అయినది. ఆ ఏడాది వెళ్ళలేమని తేలిపోయింది. సరే, పై ఏటికైనా ఉంటుందని మిగతా ఖర్చులన్నీ బిగించాము.

పైగా అది ఒలింపిక్ క్రీడల సంవత్సరం. 2024 జూలై 20 నుంచి సెప్టెంబరు 8 వరకు పారిస్ భూగర్భ రైలులో విడి టిక్కెట్టు నాలుగు యూరోలు చేశారు. ఒక యూరో సుమారు వంద రూపాయలని అనుకొంటే, నలుగురం ఎక్కడికైనా వెళ్ళి రావడానికి ఎంతవుతుందో పాఠకులే లెక్కవేసుకోవచ్చును. నెలసరి ప్యాసు ఉన్నవారికి ఈ పెంపుదల తగలదని నాకు అప్పుడు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. ఊరంతా పండుగ చేసుకొంటుంటే మేము కిటికీలు మూసుకొని కూర్చున్నాము.

ఆగస్టు నెలలో పారిస్ నగరం చూడవలసినదే. ఆ ఊరివారు చాలామంది సముద్రతీరాలకో, పల్లెలకో వెళ్ళిపోతారు. వీధి చివర రొట్టెల దుకాణానికి కూడా "సెలవులు, ఫలానా తేదీన మరల తెరవబడును" అని కాగితం అంటిస్తారు. మా మెట్ల వరుసలో పిల్లల సందడి ఆగిపోయింది. మా పిల్లలిద్దరూ బాల్కనీ కమ్మీలు పట్టుకొని, సామాన్లు ఎక్కించుకొని పోయే కార్లను చూస్తూ నిలబడేవారు.

మామ్మగారి మందలింపు

ఆ చలికాలంలో మాకు ఒక పెద్దావిడ పరిచయమైనది. ఆమె పుట్టినది యానాంలోనే. యానాం 1954లో ఫ్రెంచి పాలన నుండి విడివడినది. ఒప్పందం 1962లో చట్టరీత్యా అమలులోకి వచ్చినది. అప్పుడు ఫ్రెంచి జాతీయత కోరుకొన్నవారికి అందుకు వీలిచ్చారు. ఆమె భర్త ఫ్రెంచి సైన్యంలో పని చేసినవారు. ఆ విధంగా పెళ్ళైన కొత్తలోనే ఆమె ఈ దేశం వచ్చి, ఇక్కడే నలుగురు పిల్లలను పెంచి పెద్ద చేశారు. ఆమె తెలుగులో అరవై ఏళ్ళనాటి మా ఊరు వినిపిస్తుంది. మేము ఆమెను మామ్మగారని పిలుస్తాము.

మా అమ్మాయి రాసిన పడవ కథ చెప్పగానే ఆమె నవ్వుతారనుకొన్నాను. నవ్వలేదు.

"అమ్మాయీ, మీరు ఈ దేశానికి కాపరం చేయడానికి వచ్చారా, లెక్కలు రాసుకోవడానికి వచ్చారా?" అన్నారు. "ఊరికి వెళ్ళేదాకా పిల్లలకు వేసవే రాకూడదా? మా ఆయన జీతానికి నేను నలుగురిని సముద్రానికి తీసికొని వెళ్ళాను. ఎట్లా వెళ్ళానో అడుగు, చెబుతాను."

"చెప్పండి మామ్మగారూ" అన్నాను.

"ముందు మేరీకి వెళ్ళు" అన్నారు.

మేరీ అంటే పురపాలక కార్యాలయం. యానాం పెద్దలకు ఆ మాట కొత్త కాదు. ఇక్కడ పిల్లల సెలవుల వ్యవహారం చాలా భాగం ఆ కార్యాలయం చేతి మీదుగానే నడుస్తుంది. బడి సెలవులలో పగలంతా పిల్లలను ఆడించి, భోజనం పెట్టి, సాయంత్రం అప్పగించే విరామ కేంద్రాలు ఉంటవి. పారిస్‌లో వాటి రుసుము కుటుంబ ఆదాయాన్ని బట్టి పది తరగతులుగా ఉంటుంది. తక్కువ ఆదాయం వారికి తక్కువ, ఎక్కువ ఆదాయం వారికి ఎక్కువ. కొంచెం పెద్ద పిల్లలను వారం, రెండు వారాలు కొండలకో సముద్రానికో పంపే "కొలోనీ ద వకాన్స్" అనే విడుదులు కూడా ఉన్నవి. మామ్మగారి పిల్లలు నలుగురూ అట్లా వెళ్ళివచ్చినవారే. "పెద్దవాడు మొదటి రాత్రి ఏడ్చాడుట. పదిహేనో రోజున తిరిగి రానని ఏడ్చాడు" అని చెప్పారు. కుటుంబ భత్యాలు ఇచ్చే ప్రభుత్వ సంస్థ కూడా తక్కువ ఆదాయం గల కుటుంబాల సెలవు ఖర్చులో కొంత భరిస్తుంది. దానికి షరతులున్నవి. మనకు వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

"అడగడానికి నామోషీ దేనికి? అది దానం కాదమ్మా" అన్నారామె. ఈ మాట వెనుక ఒక చరిత్ర ఉన్నది. ఫ్రాన్సులో కార్మికులకు జీతంతో కూడిన రెండు వారాల సెలవు 1936 జూన్‌లో వచ్చిన చట్టంతో లభించినది. ఆ ఏడాదే విరామ, క్రీడా శాఖలు చూస్తున్న లియో లగ్రాంజ్ కార్మికుల సెలవు ప్రయాణానికి రైలు టిక్కెట్టులో 40 శాతం తగ్గింపు ఏర్పాటు చేయించారు. అంతకుముందు సముద్రం చూడనివారు లక్షలమంది ఆ వేసవిలోను, తరువాతి వేసవులలోను బయలుదేరి వెళ్ళారు. 1956లో మూడవ వారం, 1969లో నాల్గవ వారం, 1982లో ఐదవ వారం కలిసినవి. 1982లోనే "సెలవు చెక్కులు" అనే పద్ధతి కూడా వచ్చినది. ఉద్యోగి కొంత, యజమాని కొంత వేసి, రైలుకూ బసకూ చెల్లేటట్లు ఇస్తారు. మా వారి కార్యాలయంలో అవి ఇస్తారన్న సంగతి ఏడాది దాటాక తెలిసింది. మావారు ఎవరినీ అడగలేదు, వారంతట వారు చెప్పలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మేమిద్దరం ఒక నిర్ణయం చేసుకొన్నాము. ఊరి ప్రయాణం కోసం దాచే సొమ్ములో నుంచి కొంత తీసి వేరే పెట్టాలి. 2025 వేసవిలో వారానికి ఒక రోజు పిల్లలతో బయటికి పోవాలి. చివర ఒకసారి సముద్రం చూపించాలి. దీనివలన యానాం ప్రయాణం ఇంకొక ఏడాది వెనక్కు పోతుంది. ఆ సంగతి మా అత్తగారికి ఫోనులో చెప్పడం మాత్రం చాలా కష్టమైనది. ఆవిడ కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "పిల్ల కాపీలో రాసుకొన్నది నాకు చెప్పావుగా. ముందు దానికి రాసుకోవడానికి ఏదైనా చూపించండి" అన్నారు.

ఒక్క ప్యాసు మహిమ

పారిస్‌లో నివసించే వారికి నావిగో అనే నెలసరి ప్యాసు ఉన్నది. 2025లో దాని వెల 88 యూరోల 80 సెంట్లు. ఉద్యోగి ప్యాసులో సగం యజమాని తిరిగి చెల్లించాలని చట్టం. మా వారికి అది ఎట్లాగూ ఉన్నది. ఆ ప్యాసు ఆఫీసుకూ ఇంటికీ మాత్రమే పనికివస్తుందని మేము ఏడాదిపాటు అనుకొన్నాము. పారిస్ చుట్టూ ఉన్న ఇల్ ద ఫ్రాన్స్ మండలమంతా, అడవులు, చెరువులు, పాత కోటలున్న ఊళ్ళ దాకా, లోకల్ రైళ్ళలో అదే ప్యాసు చెల్లుతుంది. జూలై నెలకు నేను కూడా ఒకటి తీసికొన్నాను. నాలుగేళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. నాలుగు నుంచి పదేళ్ళ లోపు వారికి సగం ధర. 2025 జనవరి నుంచి మండలంలో రైలు టిక్కెట్టు ఎంత దూరమైనా ఒకటే, ఆ ఏడాది అది రెండున్నర యూరోలు ఉండేది. కనుక మా పిల్లలకు ఒక్కొక్కరికి యూరో పావలా చొప్పున పడినది. విమానాశ్రయాలకు మాత్రం ఈ ధర వర్తించదు.

ఆ ఏడాది జూన్ చివర, జూలై మొదట్లో పారిస్‌లో ఎండలు మండిపోయినవి. ఇక్కడి ఇళ్ళకు పంకాలు కూడా ఉండవు. కనుక ముందుగా నీళ్ళున్న చోట్లు వెదికాము. మా ఇంటికి నడిచిపోయే దూరంలో లా విల్లెట్ నీటికాలువ ఉన్నది. 2017 నుంచి ప్రతి వేసవిలో ఆ కాలువలోనే తొట్లు కట్టి ఈతకు ఏర్పాటు చేస్తున్నారు. చిన్నపిల్లలకు లోతు తక్కువగా ఉండే తొట్టి వేరే ఉన్నది. రుసుము లేదు. మధ్యాహ్నం వెళితే చాంతాడంత వరుస ఉంటుంది గాని, తెరిచే వేళకు వెళితే ఇబ్బంది లేదు.

సేన్ నదిలో ఈత 1923 నుంచి నిషేధంలో ఉండేది. 2025 జూలై 5న మూడు చోట్ల మరల అనుమతించారు: బెర్సీ, గ్రెనెల్, మారీ పాయ. నూరేళ్ళ తరువాత జనం నదిలో దిగడం చూడటానికి మేమూ వెళ్ళాము. ఈతగాళ్ళు నడుముకు తేలెడు బుంగ కట్టుకోవాలి. నీరు బాగున్న రోజున పచ్చజెండా, బాగులేని రోజున ఎర్రజెండా ఎగరవేస్తారు. పెద్ద వాన కురిసిన మరునాడు ఎర్రజెండాయే ఉండవచ్చును, గనుక చూసుకొని బయలుదేరడం మేలు. మా వారు గోదావరిలో ఈత నేర్చినవారు. చాలాకాలానికి ఒక నదిలో దిగారు. పిల్లలూ నేనూ గట్టు మీద కూర్చొని చూశాము. "నాన్న యానాంలో ఉన్నట్లున్నాడు" అన్నాడు పిల్లవాడు.

అడవిలో సముద్రపు ఇసుక

మాకందరికీ ఎక్కువ నచ్చినది ఫొంటేన్‌బ్లో అడవి. లియోన్ స్టేషనులో ఎక్కితే నలభై నిమిషాల ప్రయాణం. శని ఆదివారాలలో ఉదయం పూట కొన్ని రైళ్ళు అడవి మధ్యనే ఒక చిన్న మజిలీలో ఆగుతవి. నడకకు వచ్చేవారంతా అక్కడ దిగిపోతారు. తిరుగు రైలు అక్కడ ఆగదు. ఫొంటేన్‌బ్లో ఆవొన్ స్టేషను దాకా నడిచి ఎక్కాలి. ఈ సంగతి ముందే తెలిసివుంటే పిల్లవాణ్ణి చివరి మైలు భుజం మీద మోసేవాళ్ళం కాదు.

ఆ అడవిలో ఇళ్ళంత పెద్ద రాతిబండలు. వాటి మధ్య తెల్లని మెత్తని ఇసుక. సముద్రానికి ఇంత దూరాన అంత ఇసుక ఎక్కడిదని మా అమ్మాయి అడిగింది. సుమారు మూడున్నర కోట్ల ఏళ్ళ క్రిందట ఆ ప్రాంతమంతా సముద్రమట. అది వదిలిపోయిన ఇసుకే ఇది. ఆ ఇసుకే గట్టిపడి ఆ బండలయినవి. ఈ మాట చెప్పగానే అది చెప్పులు విడిచి, ఆ రోజంతా వట్టి కాళ్ళతోనే తిరిగింది.

బండల మీదా చెట్ల మీదా నీలిరంగు గుర్తులుంటవి. వాటిని చూసుకొంటూ పోతే దారి తప్పడమన్నది లేదు. ఈ పద్ధతి క్లోడ్ ఫ్రాన్స్వా దెనెకూర్ అనే పూర్వ సైనికుడు మొదలు పెట్టినది. 1842లో ఆయన గుర్తులు పెట్టిన నడకదారులే ఈ దేశంలో మొదటివని చెబుతారు. వాటిమీద నడవడానికి ఇప్పటికీ ఎవరికీ దమ్మిడీ ఇవ్వనక్కరలేదు. మేము ఆ నెలలో రెండుసార్లు వెళ్ళాము. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. గడ్డిలో పిడుదులు ఉంటవి. సాయంత్రం ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ళ వెనుక, చంకలలో, చెవుల వెనుక చూడాలి. కరిచి పట్టుకొన్నదానిని నలపకుండా తీసివేయాలి. అందుకు చిన్న కొక్కెం మందుల దుకాణంలో అమ్ముతారు.

వాయవ్యాన సెర్జీ వైపు పోతే వాజ్ నది ఒంపులో పెద్ద చెరువులున్నవి. ఇసుక, కంకర తవ్వుకోగా మిగిలిన గోతులవి. వాటిని విహారస్థలంగా తీర్చిదిద్దారు. తిరగడానికి రుసుము లేదు. స్నానాల ఆవరణకు మాత్రం వేసవిలో టిక్కెట్టు ఉన్నది. తూర్పు స్టేషను నుండి ప్రొవాన్ అనే పాత ఊరు సుమారు గంటన్నర. మధ్యయుగాలలో పెద్ద సంతలు జరిగిన ఊరు. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చారు. చుట్టూ ఉన్న ప్రాకారం వెంట నడుస్తుంటే పిల్లవాడు కర్ర కత్తి పట్టుకొని యుద్ధం చేసుకొన్నాడు. దానికి ఖర్చు ఏమీ లేదు.

మూడు రాత్రుల డేరా

ఆగస్టు మొదటి వారంలో మా వారికి సెలవు దొరికినది. మామ్మగారి మనుమడు తన డేరా, నాలుగు పరుపు చాపలు ఎరువిచ్చాడు. ఇంగ్లీషు చానెల్ తీరాన లె ట్రెపోర్ అనే రేవుపట్నానికి, నడుమ రైలు మారి, వెళ్ళాము.

ఈ దేశంలో చిన్న చిన్న పురపాలక సంఘాలు కూడా డేరాలు వేసుకొనే స్థలాలు నడుపుతవి. స్నానాలకు వేడినీళ్ళు, దొడ్లు, గిన్నెలు కడుక్కొనే తొట్లు అన్నీ ఉంటవి. హోటలులో ఒక రాత్రికి అయ్యే సొమ్ముతో మేము మూడు రాత్రులు ఉన్నాము. ఇంత చవకైన బస కనుక వసతి తక్కువగా ఉంటుందని భయపడ్డాను. మాకంటే ముందే ప్రక్క డేరావారు వచ్చి, మేకులు కొట్టడానికి సుత్తి ఇచ్చారు.

లె ట్రెపోర్ ఒడ్డున ఇసుక తక్కువ, గులకరాళ్ళు ఎక్కువ. రబ్బరు జోళ్ళు ఉండాలి. నీరు ఆగస్టులోనూ చల్లగానే ఉంటుంది. ఊరి వెనుక సుమారు మూడు వందల అడుగుల ఎత్తు సున్నపురాతి కొండ నిట్టనిలువుగా లేచి ఉంటుంది. దాని మీదికి 1908లో కట్టిన కొండరైలు ఉన్నది. ఎంతసేపైనా ఎక్కి దిగవచ్చును, టిక్కెట్టు లేదు. మా పిల్లలు మొదటి రోజే ఏడుసార్లు ఎక్కారు. కొండ అడుగున మాత్రం కూర్చోరాదు. రాళ్ళు విరిగి పడుతుంటవి. ఆటుపోట్లు కూడా చాలా ఎక్కువ. పొద్దున చూసిన ఒడ్డు మధ్యాహ్నానికి ఉండదు. వేళలు స్నానాల గట్టు వద్ద రాసి పెడతారు.

రెండవ రాత్రి గాలివాన వచ్చింది. డేరా తాళ్ళలో రెండు ఊడిపోయినవి. మా వారు తెల్లవారేదాకా నడిమి గుంజ పట్టుకొని కూర్చున్నారు. నేను పిల్లలిద్దరినీ దుప్పటిలో చుట్టి, ఉన్న జంతికల డబ్బా మూత తీశాను. "ఎందుకొచ్చాంరా భగవంతుడా" అని నాకు లోపల అనిపించిన మాట నిజం. పిల్లలు మాత్రం భయపడలేదు. వాళ్ళ నాన్న అట్లా రాత్రంతా తమ ప్రక్కన మేలుకొని ఉండటం వాళ్ళెప్పుడూ చూడలేదు. పాత సినిమా పాటలు, యానాం కథలు, తమ చిన్ననాటి అల్లరి, ఆయన ఎప్పుడూ చెప్పని సంగతులన్నీ ఆ రాత్రి చెప్పారు.

లెక్కలు, కొన్ని సూచనలు

మామ్మగారు లెక్కలని ఎగతాళి చేసినా, గృహిణిని కనుక లెక్క చెప్పకుండా ముగించలేను. నా జూలై ప్యాసు 88.80 యూరోలు. మండలంలో చేసిన ఆరు ప్రయాణాలకు పిల్లల టిక్కెట్లు 30. సముద్రానికి రైలు, బస, అక్కడి తిండి కలిపి 260. స్నానాల టిక్కెట్లు, ఐస్‌క్రీములు, చిల్లర మల్లర 60. మొత్తం 438 యూరోల 80 సెంట్లు. విమానంలో ఒక్క మనిషి యానాం వెళ్ళిరావడానికి అయ్యేదానిలో సగం.

తిండి మాటకు వస్తే, ప్రయాణమంటే పులిహోర అన్నది మన పెద్దలు చేసిన మంచి ఏర్పాటు. ఎండకు పాడు కాదు, చేతితో తినవచ్చును. దద్దోజనం మధ్యాహ్నం లోపల తినివేయాలి. నీళ్ళ సీసాలు కొననక్కరలేదు. రిచర్డ్ వాలేస్ అనే దాత 1872 నుంచి పారిస్ వీధులలో పెట్టించిన ఆకుపచ్చ ఇనుప చలివేంద్రాలు ఇప్పటికీ మంచినీళ్ళు ఇస్తున్నవి. వాటిని వెదకడం పిల్లలకు ఒక ఆట. వాన రోజున మ్యూజియములు ఉన్నవి. జాతీయ మ్యూజియములలో పద్దెనిమిదేళ్ళ లోపు వారికి శాశ్వత ప్రదర్శన చూడటానికి రుసుము లేదు.

ఒక పొరపాటు కూడా చెప్పి హెచ్చరించాలి. విరామ కేంద్రంలో మా అమ్మాయిని చేర్చుదామని నేను జూన్ చివర మేరీకి వెళ్ళాను. పేర్లు ఇచ్చే గడువు అప్పటికే ముగిసిపోయింది. తప్పు మాదే. వేసవి సంగతి వసంతంలోనే అడగాలి. ఇంకొకటి: వేసవిలో రైలు పట్టాల మరమ్మతులు ఎక్కువ. బయలుదేరే ముందు రాత్రి వేళలు మరొకసారి చూసుకోవాలి.

ఈ పత్రిక చదివే సోదరీమణుల బిడ్డలు పారిస్‌లోనే కాదు, అనేక నగరాలలో కాపరాలున్నారు. ప్రతి నగరంలోను ఇటువంటి సదుపాయం ఏదో ఒకటి ఉంటుంది. లండనులో పదకొండేళ్ళ లోపు పిల్లలకు సిటీ బస్సులలో ఛార్జీ లేదు. జర్మనీలో ఆరేళ్ళ లోపు పిల్లలకు రైలు టిక్కెట్టు అక్కరలేదు. కొత్త ఊరిలో అద్దె ఇల్లు, బడి, డాక్టరు కుదిరిన తరువాత నాల్గవ పనిగా ఇవి కనుక్కోవాలని నా మనవి. మేము ఏడాది ఆలస్యంగా కనుక్కొన్నాము. ఆ ఏడాది పిల్లలకు తిరిగి ఇవ్వలేము.

యానాం ప్రయాణానికి దాచే డబ్బా ఇప్పుడు కొంచెం నెమ్మదిగా నిండుతున్నది. అత్తగారు ప్రతి ఆదివారం ఫోనులో, "ఎప్పుడే మీ రాక?" అని అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నకు ఏ ప్యాసూ జవాబు చెప్పదు. వెళ్ళవలసినదే, వెళతాము.

2025 సెప్టెంబరులో బడి తెరిచారు. మా అమ్మాయి ఈసారి రెండు పుటలు రాసింది. సముద్రం గురించి, కొండరైలు గురించి రాస్తుందనుకొన్నాను. కొండరైలుకు ఒక్క వాక్యం ఇచ్చింది. మిగిలినదంతా వాన రాత్రి, నాన్న, డేరా గుంజ, జంతికలు. ఆ చివరి మాటకు ఫ్రెంచి పేరు తెలియక జంతికలని తెలుగు మాటే ఫ్రెంచి అక్షరాలలో రాసి, ప్రక్కన బొమ్మ వేసింది. పంతులమ్మగారు ఆ మాట క్రింద గీత గీసి, ఇదేమిటి అని అడిగారట. మరునాడు నేను ఒక డబ్బా నిండా చేసి పంపాను.